మా మామ పెరుగుచట్టి

మా మామ పోయిన కబురు నాకు మదనపల్లె బస్టాండులో తెలిసింది. ఆ ఆదివారం పొద్దున నేను పుంగనూరు బస్సు కోసమే నిలబడి ఉన్నాను. చేతిసంచిలో ఖాళీ స్టీలు డబ్బా ఒకటి ఉంది. ఎండలకు మా ఇంట్లో పెరుగు చెడి తీగలు సాగింది. పాలు తోడుపెట్టడానికి చేమిరి చుక్క కూడా మిగల్లేదు. మదనపల్లెలో పెరుగు దొరకదా అంటే దొరుకుతుంది, ప్రతి అంగట్లోనూ పాకెట్లు వేలాడుతుంటాయి. నాకు కావలసింది మామ ఇంటి చేమిరి. దానికోసమే బయలుదేరాను. అప్పుడు ఫోను మోగింది. మామ ఇంటి ఎదురుగా ఉంటూ ఆయనకు పాలు పోసే ఆమె.

"అప్పా, యాడుండావు?"

"బస్టాండులో ఉండా. ఆడికే వస్తాండా."

"బిన్నా రాప్పా, ఆలస్యం సేయొద్దు. మీ మామ లేయలా. తలుపు కొట్టి కొట్టి, మావోళ్లు కిటికీలోంచి సూసినారు. నిద్దర్లోనే పొయ్యుండాడు. ఇంగ యారికి సెప్పాల్నో తెలీక నీకే ఫోన్ సేసినా."

నాది మండీ గొంతు. టమోటా మండీలో వేలం పాడేవాడిని. నేను మాట్లాడితే వీధి చివర కుక్క లేస్తుందని నా భార్య అనేది. ఆ రోజు ఆ గొంతు రాలేదు. "సరే" అన్నాను. అది ఆమెకు వినపడలేదు. "లైన్లో ఉండావా, ఉండావా" అని అడుగుతూనే ఉంది.

మామ అంటే మేనమామ కాదు, పిల్లనిచ్చిన మామ. ఆ పిల్ల కొన్నేళ్ల కిందట జబ్బుచేసి పోయింది. మాకు పిల్లలు లేరు. మా అత్త అంతకు ముందే పోయింది. కూతురు పోయాక అల్లుడితో ఇంకేం పని అని లోకం అనుకుంటుంది. మామ అన్న కొడుకులు ఆ మాట పైకే అన్నారు. మామ మాత్రం ప్రతి సాయంత్రం పుంగనూరు నుంచి ఫోను చేసేవాడు. "తిన్నారాప్పా?" అని అడుగుతాడు. తిన్నానంటాను. "మంచిది" అంటాడు. తర్వాత ఇద్దరం కాసేపు ఊరికే ఉంటాం. ఆ ఊరికే ఉండడం కోసమే చేసేవాడని నాకు ఇప్పుడు తోస్తోంది.

మర్యాద ఆయనకు జబ్బు లాంటిది. నేను అల్లుణ్ణి కాబట్టి నన్ను ఎన్నడూ 'నువ్వు' అనలేదు. నేను పోతే గోడకు ఆనుకుని ఉన్నవాడు లేచి నిలబడేవాడు. నా ముందర కూర్చుని తిని ఎరుగడు. నేను తిని చెయ్యి కడుక్కున్నాక, తన అన్నం తట్ట తీసుకుని పశువుల కొట్టంలోకి పోయి తినేవాడు. ఒకప్పుడు ఆ కొట్టంలో పొట్టి ఆవులు రెండు ఉండేవి. అవి పోయినా తినే చోటు మారలేదు. నాకు ఒళ్లు మండేది. "ఈడ కూసోని తినకూడదా మామా, నేనేమన్నా కలెక్టర్నా?" అని అరిచేవాణ్ణి. "మీరు తినండప్పా, నాకేం తొందర" అనేవాడు. అంతకు మించి ఆయనతో పోట్లాడడం ఎవరి వల్లా కాదు.

ఆ ఇంట్లో పెరుగు మట్టిచట్టిలో తోడుకునేది. అత్త కాపురానికి వచ్చిన కొత్తలో మొదలుపెట్టిన పెరుగు అది. నిన్నటి పెరుగులో రవ్వంత ఇవాళ్టి పాలల్లోకి, ఇవాళ్టిది రేపటి పాలల్లోకి, అట్లా నడుస్తూ వచ్చింది. నా భార్య పెళ్లయి వస్తూ దాన్ని మదనపల్లెకు తెచ్చుకుంది. అత్త పోయినప్పుడు పుంగనూరు పొయ్యి ఆరిపోతే, మళ్లీ నా భార్యే ఇక్కడి నుంచి తీసుకుపోయి తండ్రికి తోడుపెట్టి ఇచ్చింది. తను పోయాక నేను హోటల్లో తినడం మొదలుపెట్టాను. మా ఇంట్లో అది ఆగిపోయింది, మామ దగ్గర నిలిచింది. ఆడవాళ్లిద్దరూ లేరు. వాళ్ల చేతిమీదుగా వచ్చిన పెరుగు ఉంది.

చట్టి అడుగుదాకా గీకి తినడం మామ దగ్గర కుదరదు. "రేపటికి రవ్వంత పెట్టండప్పా" అంటాడు. పెరుగుకే కాదు, బెల్లానికీ, దీపంలో నూనెకూ అదే మాట. ఫోనులో నేను మండీ గొడవలు ఏకరువు పెడుతుంటే కూడా, "రేపటికి రవ్వంత పెట్టుకుందామప్పా" అని టక్కున పెట్టేసేవాడు.

ఒంటికి పోవడంలో ఇబ్బందిగా ఉందని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎదురింటామె చెబితే నాకు తెలిసింది. మదనపల్లెలో పరీక్షలు చేయించాను. ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సర్ అన్నారు. సూదిమందు వేయాలి, దాంతోపాటు కరెంటు పెట్టాలి, కుప్పం పోండి అన్నారు. రేడియేషన్ని మా పక్క కరెంటు అనే అంటారు. వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలపాటు. రోజూ పుంగనూరు నుంచి పోయిరావడం కుదిరేపని కాదు. కుప్పంలో ఒక మిద్దెపైన ఒక్క గది బాడుగకు తీసుకున్నాం. శని, ఆదివారాలకు మాత్రం పుంగనూరు పోయేవాళ్లం. గదికి ఆనుకుని బాత్రూము, దానికి రేకు తలుపు. ఇంటామె తమిళం, కిందింటివాళ్లు కన్నడం, మేము తెలుగు. ఎవరు మాట్లాడినా అందరికీ అర్థమయ్యేది. మామ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

మొదటి వారం బాగానే జరిగింది. తర్వాత ఆయన తిండి తగ్గించాడు. నేను మెస్సు నుంచి క్యారియర్ తెస్తే రెండు ముద్దలు కెలికి మూత పెట్టేవాడు. "ఆకలి లేదప్పా." ఆ మధ్యలో మూత్రానికి ఇన్‌ఫెక్షన్ వచ్చిందని ఘాటు మాత్రలు ఇచ్చారు. అవి మింగాక అన్నం వాసనే పడలేదు. సోమవారం పుంగనూరు నుంచి బస్సెక్కే రోజైతే ముందురోజు నుంచే నీళ్లు తప్ప ఏమీ లేవు. చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడేది. కరెంటు పెట్టే ముందు నీళ్లు తాగి ఆపుకోవాలి. ఆ నీళ్లు తాగుతూనే ఒకరోజు ఆసుపత్రి వరండాలో కూలబడిపోయాడు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మన పక్క యాసే. ఆయన్ను పడుకోబెట్టి, "ఏం తింటాండావు తాతా?" అని అడిగింది. మామ పైకప్పు చూస్తున్నాడు. నేను అందుకున్నాను. ఏం తెచ్చానో, ఏం వదిలేశాడో వేలంపాట పాడినట్టు చెబుతుంటే, ఆమె నన్ను బయటికి పొమ్మంది. కాసేపటికి పిలిచింది. మామ ముఖం మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు.

అసలు సంగతి ఇది. కరెంటు మొదలైన కొన్నాళ్లకే ఆయనకు విరేచనాలు పట్టుకున్నాయి. వస్తే ఆగవు. ఉన్నది ఒక్క గది, రేకు తలుపు, ఇవతల చాపమీద అల్లుడు. ఇక బస్సులో అయితే చెప్పనే అక్కర్లేదు. "అల్లుడి ముందర మాటిమాటికీ యట్ల పోయేది తల్లీ" అన్నాడట డాక్టరమ్మతో. తింటేనే కదా పోవాలి, అందుకని తినడం మానేశాడు. పైకి ఆకలి లేదన్నాడు. అల్లుడికి మర్యాద చెయ్యడం కోసం కడుపు మాడ్చుకున్న మామ ఇంకెక్కడైనా ఉంటాడా, మీరే చెప్పండి.

నాకు ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. "విరేచనాలైతే సెప్పాల కదా మామా! నేనేమన్నా పరాయోణ్ణా?" అన్నాను. వరండాలో బెంచీల మీద ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. తువ్వాలు కింద మామ ఇంకా ముడుచుకున్నాడు. డాక్టరమ్మ నన్ను చూసి, "అన్నా, ఆ గొంతు టమోటా మండీలో పెట్టుకోండి, ఈడ కాదు" అంది. నేను ఏం పని చేస్తానో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తువ్వాలు కింద మామ పొట్ట కదిలింది. నవ్వుతున్నాడు.

అప్పుడు ఆమె స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. మన పేగుల్లో కంటికి కనపడని క్రిములు ఉంటాయట. చెడ్డవి కాదు, తిన్నది అరగడానికీ పేగు గోడ గట్టిగా ఉండడానికీ సాయం చేసేవి. "గ్రంథి పక్కనే పేగు ఉండాది కాబట్టి కరెంటు దానికీ సోకతాది తాతా. ఆ మంచి క్రిములు దెబ్బ తింటాయి. ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చిన మాత్రలు వాటిని ఇంకొన్నిటిని చంపినాయి. మిగిలినవాటికి నువ్వు తిండి పెట్టలా. నువ్వు తింటేనే కదా అవి తినేది."

మామ తువ్వాలు తీశాడు. "నెమరు పోయిన ఆవు మాదిరి అంటావామ్మా? మేత వేసినా అరగదు. ఇంకో ఆవు నోట్లో నెమరు రవ్వంత తీసి దీనికి పెడతాం. కొన్నిసార్లు లేస్తాది, కొన్నిసార్లు లేయదు."

"అట్లాంటిదే అనుకో" అని ఆమె నవ్వింది. వెంటనే నవ్వు ఆపి అంది. "ఒక మాట మాత్రం ఇనుకో. పెరుగుతోనూ మజ్జిగతోనూ క్యాన్సర్ పోదు. ఆ పని సూదిదీ కరెంటుదీ. పేగు తేరుకుంటే వాటిని తట్టుకునే బలం వస్తాదని అనుకుంటాండారు. ఎవరికి ఎంత పనిసేస్తాదో ఇంకా పరిశోధన సేస్తానే ఉండారు. నువ్వు ఇంకా బరువు తగ్గినావంటే మాత్రం నేను కరెంటు మధ్యలో ఆపేయాల్సి వస్తాది."

మధ్యలో ఆపేస్తారనే మాట నా చెవిలో ఉండిపోయింది. ఆయన పోతే నాకు ఫోను చేసేవాళ్లు ఎవరూ లేరు. నా భార్య చిన్నప్పుడు ఎట్లా ఉండేదో చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఇంకొకరు లేరు. ఈ మనిషి తినాలి. ఎట్లా తినిపించాలో నాకు తెలియదు.

రక్తపరీక్ష చూసి, పాలు బాగా కాచి తోడుపెట్టిన పెరుగైతే ఇవ్వొచ్చు, పలచగా చిలికి మొదలుపెట్టండి అంది డాక్టరమ్మ. మెత్తటి అన్నం కొంచెం. తేరుకున్నాక రాగి అంబలి. కుప్పం అంగట్లో పెరుగు తెచ్చి చిలికితే మామ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. మరునాడు కరెంటు అయ్యాక ఆయన్ను ఇంటామెకు అప్పజెప్పి నేను పుంగనూరు బస్సెక్కాను. మామ లేని రోజుల్లో ఎదురింటామె ఆయన చట్టిని తన ఇంట్లో నడుపుతోంది. ఒక స్టీలు డబ్బాలో పోయించుకుని వెనక్కి బయలుదేరాను. బైరెడ్డిపల్లె దాటాక గుంతల్లో డబ్బా మూత ఊడి నా ప్యాంటు మీద సగం ఒలికింది. మిగిలిన సగాన్ని ఒళ్లో పెట్టుకుని, పక్కనున్నాయన మీద కసురుకుంటూ కుప్పం చేరాను.

తోడుపెట్టడం మంచంమీద నుంచే మామ నేర్పించాడు. పాలు కాచి, చిటికెనవేలు ముంచి చూడాలి, వేలు కాలకూడదు, సల్లగానూ ఉండకూడదు. మొదటిరోజు నాకు పాలు విరిగాయి. రెండోసారి తోడుకుంది. ఆ మజ్జిగ గ్లాసు అందుకుని మామ కళ్లు మూసుకుని తాగాడు. "ఇది మనింటిది" అన్నాడు.

తాగితే సరిపోదు, రేకు తలుపు సంగతి తేలాలి. దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. ఆయన లేచి చెంబు వైపు చూడగానే నేను ఫోను చెవికి పెట్టుకుని మిద్దె మెట్ల మీదికి పోయేవాణ్ణి. అవతల ఎవరూ లేరు. ఊరికే కేకలు. "లారీ యాడికొచ్చింది? గుర్రంకొండ కాయలు దించినారా? కాయ మెత్తగా ఉండాది, నాకొద్దు పో!" కిందింటివాళ్లు తలలు బయటపెట్టి చూసేవాళ్లు. తలుపు చప్పుడు వినిపించేదాకా నా యాపారం ఆగేది కాదు. లోపలికి వస్తే మామ గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు.

కొన్నాళ్లకు ఒకరోజు అట్లాగే అరిచి లోపలికి వచ్చాను. "ఇయ్యాల యాపారం బిన్నా అయిపొయ్యిందే" అన్నాడు.

"నీ యాపారం అయిపోతే నాది అయిపోదా మామా?"

ఇద్దరం నవ్వాం. అంత నవ్వు ఆ గదిలో అదే మొదలు. ఆరోజు నుంచి ఆయనకు నా ముందర సిగ్గు పోయింది. లోపల క్రిములు తేరుకున్నాయో, మాత్రలు ఆపినందుకు కుదుటపడ్డాడో, సిగ్గు పోయి కడుపునిండా తినడమే మందయిందో నాకు తెలియదు. డాక్టరమ్మను అడిగితే, "అన్నీ కలిసే ఉంటాయన్నా" అంది.

అంబలి నేనే కాచాను. ఉండలు కట్టింది. "దీంతో గోడలు మెత్తొచ్చు" అన్నాడు మామ, అయినా తాగాడు. కరెంటు ముగిసే వారంలో ఒక సాయంత్రం నేను చాప మీద క్యారియర్ విప్పి తింటున్నాను. ఆయన మంచం దిగి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. తట్ట తన ముందుకు లాక్కుని, అన్నం పెట్టుకుని, పెరుగు పోసుకున్నాడు. నంజుకుని పచ్చి ఎర్రగడ్డ కొరికాడు. నేను తినడం ఆపి చూస్తున్నాను. తట్ట ఖాళీ అయింది.

"అప్పా, ఇంగ రవ్వంత అన్నం ఉండాదా? నువ్వు తిన్నావా, లేకుంటే నాకే పెట్టేస్తాండావా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను నువ్వు అన్నది అప్పుడే. నా వాటా అంతా ఆయన తట్టలో వేశాను. నాకు ఆకలి లేదని అబద్ధం చెప్పాను.

కరెంటు మధ్యలో ఆగలేదు, పూర్తిగా జరిగింది. తర్వాత సూదులు మాత్రం నడిచాయి. వాటితో ఒళ్లంతా ఆవిర్లు వచ్చేవి, తడి తువ్వాలు భుజం మీద వేసుకుని తిరిగేవాడు. గడ్డ అణిగిందని డాక్టరమ్మ సంతోషంగా చెప్పింది. ఆదివారాలు నేను పుంగనూరు పోయేవాణ్ణి. కొట్టంలో కాదు, వసారాలో ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లం. పెద్దగా మాటలు ఉండేవి కావు. తిరిగి వచ్చేటప్పుడు డబ్బాలో చేమిరి పోసి ఇచ్చేవాడు. అట్లా మా ఇంట్లో మళ్లీ పెరుగు తోడుకోవడం మొదలైంది. మిగతా వారమంతా నేను మండీలో గొంతు చించుకుని, ఇంటికి వచ్చి సాయంత్రం ఫోను కోసం చూస్తుండేవాణ్ణి. మాకిద్దరికీ ఉన్న సంసారం అదే.

ఆయన్ను తీసుకుపోయింది క్యాన్సర్ కాదు. నిద్రలో గుండె ఆగింది.

నేను చేరేటప్పటికి గంగవరం నుంచి మామ అన్న కొడుకులు వచ్చి అంతా చేతిలోకి తీసుకున్నారు. వాళ్లే చెయ్యాలి, అది పద్ధతి. నేను ఎక్కడ నిలబడాలో నాకు తెలియలేదు. గేటు దగ్గర నిలబడ్డాను. "ఆయన యారు?" అని ఎవరో అడిగారు. "సచ్చిపోయిన కూతురి మొగుడు" అని ఎవరో చెప్పారు. "ఓ" అని ఆ మనిషి పక్కకు తిరిగాడు. తల గొరిగించుకునేవాళ్లలో నేను లేను. నాకు మైల ఉందో లేదో కూడా ఎవరూ చెప్పలేదు. అందరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే, నన్ను పట్టుకోవడానికి వరస కలిసిన మనిషి అక్కడ ఒక్కరూ లేరు.

మామను తీసుకుపోయి తిరిగి వచ్చేసరికి ఆడవాళ్లు ఇల్లు కడుగుతున్నారు. చావు జరిగిన ఇంట్లో వండినవీ, నిలవ నీళ్లూ, పాలూ పారబోసి పాత్రలు తోమాలి. పెరట్లో మామ అన్నగారి కోడలి చేతిలో పెరుగుచట్టి కనపడింది. కాలువ మీదికి వంచబోతోంది. పొద్దున్నుంచి పోయిన నా గొంతు అప్పుడు వచ్చింది.

"ఆగమ్మా!"

ఇల్లంతా ఆగిపోయింది. ఆమె చట్టి పట్టుకుని బిత్తరపోయింది.

"అది నాకియ్యి."

"సావింట్లో పెరుగప్పా, మైల. తీసుకోకూడదు."

"మైల యారికి?"

"మాకు. మీకేం మైల, మీరు ఏరే ఇంటోళ్లు కదా."

"నాకు లేదు కదా. అయితే ఆ పెరుగు నన్నేం సేయదు. ఇయ్యి."

ఆమె తన భర్త వైపు చూసింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. ఎదురింటామె వచ్చి, నా సంచిలోంచి స్టీలు డబ్బా తీసి కడిగి, చట్టి అందుకుంది. చూస్తే పెరుగు గట్టిగా, చెదరకుండా ఉంది. పైన మీగడ అట్లాగే ఉంది, ఎవరి వేలూ పడలేదు. మామ శనివారం సాయంత్రం తోడుపెట్టి పడుకున్నాడు. ఆయన పోయాక అది తనంతట తాను తోడుకుంది.

"రేపు అల్లుడొస్తాడని పాలు ఎక్కువ పోయించుకున్నాడప్పా" అంది ఆమె. డబ్బాలోకి వంచుతూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. చట్టిని కడిగి బోర్లించింది.

నేను ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను. చావింటి నుంచి పోతూ చెప్పకూడదు కదా, ఆ ఒక్క పద్ధతీ నాకు అనుకూలంగా ఉంది. బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో మూత పట్టుకున్నాను. ఈసారి చుక్క ఒలకలేదు.

ఇంటికి వచ్చి స్నానం చేశాను. అన్నం వండాను. తట్ట పెట్టుకుని చాపమీద కూర్చుని మామ పెరుగు పోసుకున్నాను. కాస్త పులుపెక్కింది, బాగుంది. ఆకలి వేసింది. ఆ రోజు అంత ఆకలి వేసినందుకు నాకు ఏడుపు వచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను, ఏడుస్తూనే తిన్నాను. మామ ఫోను చేసే వేళ వచ్చి వెళ్లిపోయింది.

డబ్బా అడుగున రవ్వంత మిగిల్చాను. పొయ్యి మీద పాలు పొంగితే దించి, గిన్నె నేల మీద పెట్టి, పక్కన కూర్చున్నాను. చిటికెనవేలు ముంచాను. ఇంకా కాలుతోంది. తువ్వాలుతో వేలు తుడుచుకుని, పాలు చల్లారేదాకా అక్కడే ఉన్నాను.